మైకాయన మోసుకొచ్చిన వాక్యం

ఆయన అసలు పేరును పెళ్లినాడు పాస్టరుగారు ఒకసారి గట్టిగా పలికారు. ఆ తర్వాత దాని అవసరం ఎవరికీ పడలేదు. చర్చి సంఘంలో పిల్లలకు ఆయన మైకు తాతయ్య, కుర్రాళ్లకు మైకు అంకుల్, మిగిలిన అందరికీ మైకాయన. వారమంతా బజారు మలుపులో ఒక ఇరుకు కొట్లో కూర్చుని ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఎవరూ వినని పాత రేడియోలు బాగుచేస్తాడు. ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో టెస్టరు పెట్టుకుని చర్చికి వెళ్లి, చివరి వరుస వెనక స్తంభం పక్కన ఆంప్లిఫయరు ముందు కూర్చుంటాడు. గుడికి టెస్టరెందుకండీ అని ఎవరైనా అడిగితే, మీరు పాటల పుస్తకం తెచ్చుకోలేదా, నాకిదీ అంతే అంటాడు.

నలుగురు పాస్టర్లు మారారు గానీ మైకాయన మారలేదు. మొదటాయన బల్ల గుద్ది చెప్పే మనిషి. గుద్దినప్పుడల్లా స్పీకర్లలో పిడుగు పడినట్టయి ముందు వరుసలో ముసలమ్మలు గుండెలు పట్టుకునేవారు. మైకు స్టాండు కింద మడతపెట్టిన తువ్వాలు పరిచి వాళ్ల గుండెల్ని కాపాడింది మైకాయనే. రెండో ఆయన గొంతు రెండో వరుస దాటేది కాదు. మూడో ఆయన ‘ప’ అన్నప్పుడల్లా మైకు ఠప్పుమనేది. ఆయన చేసే పనిలో పాపం, పశ్చాత్తాపం, పరలోకం లేకుండా ఒక్క పూట గడవదు కదా. పాత పరుపులోంచి స్పాంజి ముక్క కోసి మైకుకు టోపీ కుట్టి పెట్టేదాకా పరలోకం ఆ సంఘానికి పేలుడులాగే వినపడింది. ఇప్పుడున్న ఆయనకు ఏ లోపమూ లేదు, వాక్యం, అంటే ప్రసంగం, మొదలుపెట్టేముందు గొంతు సవరించుకోవడం తప్ప. ఆ సవరింపుకు ముందే మైకాయన వేలు శబ్దం తగ్గించే మీట మీద ఉంటుంది.

ఇలా ఆ నలుగురి గొంతులూ ఆయనకు కొట్టిన పిండి. పాస్టరుగారికి జలుబు చేయబోతోందని పాస్టరమ్మగారికంటే ముందు మైకాయనకు తెలిసేది. రాత్రి నిద్ర పట్టిందో లేదో, ఇంట్లో మాటా మాటా అనుకుని వచ్చారో లేదో కూడా ఆయన చెప్పగలడు. ఎటొచ్చీ ఆ పూట పాస్టరుగారు ఏం చెప్పారో మాత్రం చెప్పలేడు. భక్తి లేక కాదు. పొద్దున లేస్తే ప్రార్థన చేసుకునే మనిషే. కానీ ఆ పెట్టె ముందు కూర్చున్నాడంటే ఆయన చెవికి మాటలు ఆనవు, చప్పుడే ఆనుతుంది. పదిమందికి వడ్డించే హడావిడిలో తన కంచం సంగతి మరిచిపోయిన మనిషి బాపతు.

ఈ గుట్టు ఇన్నేళ్లూ బయటపడకపోవడం ఆయన భార్య పుణ్యమే. మూడో వరుసలో కూర్చుని ఆమె వినే తీరు వేరు. ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర ప్రసంగం మొత్తం మొదటినుంచి చివరిదాకా, ఎక్కడ ఏ ఉదాహరణ వచ్చిందో దానితో సహా ఒప్పజెప్పేది. ఆయన ఊఁ కొడుతూ తినేవాడు. పాస్టరుగారు కూడా ఎప్పుడైనా తడబడితే, ఆ ఉప్పు గురించి పోయినసారి నేనేమన్నానమ్మా అని ఆమెనే అడిగేవారు. అంత జ్ఞాపకం ఉన్న మనిషికి ఒక మాట మరిచిపోవడం చేతకాలేదు. దానివల్లే చిక్కంతా వచ్చింది.

ఆమె చెల్లెలు సంఘంలో పాటల బృందాన్ని నడుపుతుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ గౌన్లు వేసుకునే రోజులనుంచీ పక్కపక్కన నిలబడి పాడినవాళ్లే. పై స్వరాలు పాడే వరుస ఎప్పుడూ అక్కదే. రెండేళ్ల కిందట, సాధన చేస్తుండగా అందరి ముందూ చెల్లెలు, అక్కా, ఆ పై స్వరం నీకు అందట్లేదు, ఇకనుంచి నువ్వు కింది వరుస పాడు అంది. అక్క పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని ఇంటికొచ్చేసింది. అంతే. ఆనాటినుంచి చర్చిలో ఒకరు ఎడమ కిటికీ దగ్గర, ఒకరు కుడి కిటికీ దగ్గర. ఆమెన్ మాత్రం ఇద్దరూ కలిసే అనేవారు.

చెల్లెలితో మాటలు మాత్రమే మానేస్తే మైకాయన ఎలాగో సర్దుకునేవాడు. ఆమె పాట మానేసింది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, కుండీలకు నీళ్లు పోస్తూ గొంతులోనే ఏదో ఒకటి పాడుకునే మనిషి, కూనిరాగం కూడా తీయడం మానేసింది. పాట మీద కోపం కాదు, నోరు తెరిస్తే ఆ మాటే గుర్తొస్తుందట. వెళ్లి చెల్లితో మాట్లాడు అని ఆయన వందసార్లు చెప్పాడు. మీకేం తెలుసు పాట గురించి అని ఆమె వందసార్లూ పెదవి విరిచింది. లోకంలోని గరగరలన్నీ బాగుచేసే మనిషికి సొంత ఇంట్లో ఈ నిశ్శబ్దం ఎక్కడ విప్పాలో అంతుపట్టలేదు. ఆమె మళ్లీ పాడాలి, ఆయనకు కావలసింది అంతే. ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేదు.

అలా ఉండగా కిటికీ తెరలు దించబోయి ఆమె స్టూలు మీదనుంచి జారింది. కాలు విరిగింది. మోకాలి దాకా కట్టు వేసి, కదలవద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపారు. ఆదివారం వచ్చింది. మైకాయన చర్చికి వెళ్లి, ఒక స్పీకరులో ఎక్కడినుంచో వస్తున్న గుంయిమనే రొద వెంటపడి పూటంతా దానితోనే కుస్తీ పట్టి ఇంటికొచ్చాడు. దిండు మీద కాలు పెట్టుకుని కూర్చున్న భార్య, అన్నం సంగతి కూడా ఎత్తకుండా, ఈ రోజు వాక్యం ఏమిటని అడిగింది.

ముప్ఫై ఏళ్లుగా మైకాయన అడగకపోయినా చెబుతూ వచ్చిన మనిషి, ఇప్పుడు అడుగుతోంది. గుర్తులేదంటే మనసు చిన్నబుచ్చుకుంటుంది. చివరికి శనివారం బాగుచేసిన ఫ్యాను కళ్లముందు మెదిలి, పాస్టరుగారు ఫ్యాను గురించి చెప్పారన్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలీ వస్తుంది, కానీ లోపల ఒకచోట నూనె ఆరిపోయి కీచుమంటూ ఇంటిల్లిపాదినీ విసిగిస్తుంది. దాన్ని మార్చక్కర్లేదు, ఒక చుక్క నూనె చాలు. మనుషులూ అంతేనట. పని మానరు, సణుగుతూ చేస్తారు. వాళ్లకూ ఒక చుక్క మంచిమాట కావాలట.

ఆమె కళ్లు పెద్దవి చేసుకుని వింది. బైబిల్లో ఏ వాక్యభాగం తీశారని అడిగింది. చాలాచోట్లనుంచి తీశారన్నాడు. అబద్ధం అంతగా అతికినందుకు ఆయనే ఆశ్చర్యపోయాడు.

తర్వాతి ఆదివారం శ్రద్ధగా వినాలనే కూర్చున్నాడు, పాపం. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు, మీట తగ్గింది, మీట పెరిగింది, ‘స’ అక్షరం కాస్త ఈలలా వస్తోందనిపించింది, దాన్ని సరిచేసేసరికి అందరూ లేచి నిలబడి ముగింపు ప్రార్థన చేస్తున్నారు. ఆ మధ్యాహ్నం పాస్టరుగారు రేడియో గురించి చెప్పారు. స్టేషను ఎప్పుడూ పాడుతూనే ఉంటుందట, ముల్లు కాస్త పక్కన ఉంటే మనకు గరగర తప్ప ఏమీ రాదట, రాలేదని స్టేషనును తిడతామట. ఈమధ్య అయ్యగారు ఎంత బాగా చెబుతున్నారో అని ఆమె మురిసిపోయింది. మైకాయనకు రుచి మరిగింది. గురువారం నాటికే, ఇస్త్రీపెట్టె విప్పుతూనో మిక్సీ బిగిస్తూనో, వచ్చే వారం ప్రసంగం ఆయన బుర్రలో తయారైపోయేది. అసలు పాస్టరుగారు శనివారం దాకా తంటాలు పడుతుండేవారు.

అప్పుడు తట్టింది. మొగుడి నోటి మాట వినని మనిషి, పాస్టరుగారి నోటి మాటైతే కాదనదు కదా. భయం వేసింది. ఫ్యానుకూ రేడియోకూ అబద్ధమాడటం వేరు, దీనికి ఆడటం వేరు. అయినా ఆ ఆదివారం ఆరాధన మధ్యలో మైకు నిజంగానే కుయ్యిమని కూతపెట్టి అందరి చెవులూ చిల్లులు పొడిచేసరికి, దాన్ని దేవుడిచ్చిన అనుమతి కిందే జమకట్టుకున్నాడు.

ఇంటికొచ్చి కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని చెప్పాడు. మైకు కూత ఎందుకు పెడుతుందో పాస్టరుగారు అడిగారట. ఎవరో ఒక చిన్న మాట అంటారు. అది స్పీకరులోంచి వస్తుంది. మైకు దానికి ఎదురుగా ఉంటే ఆ మాటనే మళ్లీ వింటుంది, మళ్లీ స్పీకరుకిస్తుంది, ఇంకా పెద్దగా వింటుంది, ఇంకా పెద్దగా ఇస్తుంది. అన్నవాళ్లు ఎప్పుడో నోరు మూసుకుని కూర్చుని ఉంటారు, కూత మాత్రం ఆగదు. మనసులో గుచ్చుకున్న మాట కూడా అంతేనట. అన్నది ఒక్కసారే, వినేది వెయ్యిసార్లు. దానికి మైకును పగలగొట్టక్కర్లేదు, స్పీకరును బయట పారేయక్కర్లేదు. ముఖం కాస్త పక్కకు తిప్పితే చాలట.

“అయ్యగారికి మైకు సంగతి ఇంత ఎలా తెలుసండీ?” అని అడిగింది ఆమె.

“ఇవాళ మధ్యలో కూత పెట్టింది. నా వంకే చూసి, దాన్నే పట్టుకుని చెప్పేశారు.”

ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుని సాయంత్రం దాకా అలాగే ఉంది. అతిగా వాయించానేమో అనుకున్నాడు మైకాయన. తెల్లారి కాఫీ గ్లాసు చేతికిస్తుంటే, చెల్లిని ఒకసారి రమ్మనండి అంది, గ్లాసు వంకే చూస్తూ. ఆయన కొట్టు తాళాలు ఇంట్లోనే మరిచిపోయి పరుగు తీశాడు.

చెల్లెలు వచ్చింది. గుమ్మం దగ్గరే ఏడుపు మొదలుపెట్టి, మంచం దాకా వచ్చేసరికి అక్కను కూడా ఏడిపించింది. రెండేళ్ల కబుర్లు ఒక్క గంటలో అయిపోవాలన్నట్టు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఒక్క ఆ పై స్వరం సంగతి మాత్రం ఇద్దరూ ముట్టుకోలేదు. వేడి గిన్నె పక్కనుంచి తప్పుకున్నట్టు తప్పుకుంటూ పోయారు. అంతా బాగానే ఉందనుకుంటుండగా అక్క, అంతా అయ్యగారి పుణ్యమేనే, నిన్న ఆ మైకు కూత గురించి ఎంత చక్కగా చెప్పారట కదా అంది.

మైకాయన ఈ ఒక్కటీ ఆలోచించలేదు. చెల్లెలు ఆ ఆదివారం పాస్టరుగారికి నాలుగడుగుల దూరంలో కూర్చుని ప్రతి మాటా విన్న మనిషి. ఆమె తల ఎత్తింది. అక్క వెనక నిలబడి బావ రెండు చేతులూ జోడించి, కళ్లతో కాళ్లమీద పడుతున్నాడు.

“అవునక్కా. భలే చెప్పారు,” అంది.

తర్వాత వీధి తలుపు దగ్గర బావను నిలేసింది. దేవుడి పాటలు పాడే నోటితో ఇంత అబద్ధం ఆడించావు కదా బావా అంది. నువ్వేం అబద్ధం ఆడావు, భలే చెప్పారన్నావు, చెప్పింది నేనే కదా అన్నాడాయన. ఆమె నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆనాటినుంచి రోజూ రావడం, అక్కకు తల దువ్వడం, బావ వంటను ఎగతాళి చేయడం ఆమె దినచర్య అయింది. ఇల్లు మాటలతో నిండిపోయింది. పాట మాత్రం రాలేదు. మైకాయన ఎదురుచూస్తూనే ఉన్నాడు.

కట్టు విప్పే రోజు దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం పాస్టరుగారు ప్రార్థన చేసి పోదామని వచ్చారు. అక్కాచెల్లెళ్లను ఒకే మంచం మీద చూసి ఆయన ముఖం విప్పారింది. మైకాయన టీ పెట్టే నెపంతో వంటింట్లోకి జారుకున్నాడు. పారిపోవడానికి వంటింటికి రెండో తలుపు లేదు.

“మీ మేలు మరవలేనండీ అయ్యగారూ. ఆ కూత ప్రసంగం వినకపోతే మేమిద్దరం ఇలా కూర్చునేవాళ్లం కాదు,” అంది అక్క.

ఏ ప్రసంగమమ్మా అని ఆయన అడిగారు. ఆమె అలవాటు ప్రకారం మొదటినుంచి చివరిదాకా ఒప్పజెప్పింది. మైకు, స్పీకరు, గుచ్చుకున్న మాట, పక్కకు తిప్పడం, ఒక్కటీ వదల్లేదు. పాస్టరుగారు ముందుకు వంగి ఎంతో ఇష్టంగా విన్నారు. ఆయన అబద్ధం చేతకాని మనిషి, ఆ సాయంత్రం అందరికీ వచ్చిన ఇబ్బంది అదే.

“చాలా బావుందమ్మా. కానీ ఇది నాది కాదు. ఆ ఆదివారం నేను చెప్పింది అబద్ధసాక్ష్యం గురించి.”

టీ కప్పులతో గుమ్మంలో నిలబడిపోయాడు మైకాయన, తేలు కుట్టిన దొంగలా. ముందు చెల్లెలికి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి, గుమ్మంలోని ముఖం చూసి, సంగతి అర్థమై పాస్టరుగారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వు నవ్వారు. అక్క నవ్వలేదు. నీకు తెలుసా అని చెల్లెల్ని అడిగింది. చెల్లెలు నవ్వు ఆపి తల దించుకుంది. పాస్టరుగారు ప్రార్థన తొందరగా ముగించుకుని లేచారు. వీధి గుమ్మం దగ్గర మైకాయన భుజం మీద చెయ్యి వేసి, బాధపడకండి బ్రదర్, బైబిల్లో దేవుడు ఒకసారి గాడిద చేత కూడా మాట్లాడించాడు అన్నారు. ఓదార్పే అనుకుని మైకాయన వందనాలు చెప్పాడు. వెళ్తానక్కా అని చెల్లెలు చిన్నగా అంది. అక్క పలకలేదు. చెల్లెలు వెళ్లిపోయింది.

ఇల్లు మళ్లీ మూగబోయింది. కట్టిందంతా ఒక్క పూటలో కూలింది, పాటా పోయింది, మాటా పోయింది అనుకున్నాడాయన. కుర్చీ అంచున కూర్చుని, తిట్టినా బావుండు అని చూస్తున్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

“ఇన్నేళ్లూ ఆదివారం అన్నం దగ్గర నేను చెప్పినవన్నీ కూడా ఇలాగే చెవిన పెట్టకుండా విన్నారా?”

ఈ ప్రశ్న వస్తుందని ఆయన ఊహించలేదు. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి, వెనక్కి పోయింది.

“ఇలాగే విన్నాను. మాటలు నాకు నిలబడవే, ఏం చెయ్యను. నీ గొంతు వింటూ తినేవాణ్ని,” అన్నాడు. నేల చూపులు చూస్తూ మళ్లీ అన్నాడు. “నువ్వు ఇంట్లో పాడక రెండేళ్లయింది. ఆ నిశ్శబ్దం మాత్రం రోజూ వినపడుతోంది. వంటింట్లోకి వెళ్తే వినపడుతుంది, కుండీల దగ్గరికి వెళ్తే వినపడుతుంది. నేను చెబితే నువ్వు వినవు. ఆయన పేరు పెడితేనన్నా వింటావని పెట్టాను. తప్పే.”

ఆమె ఆయన వంక చూసింది. తాగకుండా వదిలేసిన టీ కప్పులు చూపించి, చల్లారిపోయాయి, తీసుకెళ్లండి అంది. గొంతులో కోపముందో లేదో, గొంతులు చదవడంలో అంత ఘనుడికి కూడా తెలియలేదు.

వంటింట్లో కుళాయి తిప్పి కప్పులు కడుగుతుంటే నీటి చప్పుడు వెనక ఇంకేదో ఉన్నట్టనిపించింది. కుళాయి కట్టేశాడు. గదిలోంచి వస్తోంది. మొదట గొంతు సవరింపులాగే ఉంది, తర్వాత రాగమైంది. అక్కాచెల్లెళ్లు చిన్నప్పటినుంచీ కలిసి పాడే పాటే. ఆమె దాన్ని జాగ్రత్తగా, చీకట్లో మెట్లెక్కినట్టు, ఒక్కో స్వరమే ఎక్కుతూ పోయింది. పై స్వరం దగ్గర గొంతు పగిలింది. ఆగింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే పగిలింది. మైకాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఇక ఎప్పటికీ పాడదు అనుకున్నాడు.

అప్పుడు గదిలోంచి నవ్వు వినపడింది. ఒక్కతే కూర్చుని నవ్వుతోంది. ఆ నవ్వు తగ్గాక ఫోను మీటలు నొక్కిన చప్పుడు.

“చెల్లీ, నేనే. నువ్వప్పుడు చెప్పింది నిజమేనే. ఆ పై స్వరం నాకు అందట్లేదు. ఇప్పుడే రెండుసార్లు చూశాను.” కాస్త ఆగింది. “ఏడవకే. కట్టు విప్పగానే వస్తాను. కింది వరుసలో నాకో చోటు ఉంచు.” మళ్లీ ఆగింది. అటునుంచి చెల్లెలు ఏదో అడిగినట్టుంది.

“మీ బావా? వంటింట్లో ఉన్నారు. కుళాయి కట్టేసి అంతా వింటున్నారు.”

మైకాయన గబుక్కున కుళాయి తిప్పి, కడిగిన కప్పునే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.